సముద్రానికి వేసిన పైసలు

ముందు వాసన వచ్చింది.

వంటింటి గట్టు మీదుగా, దేవుడి గూట్లోకి, దండెం మీది బట్టల్లోకి. ఎండు చేపల వాసన కాదు. సంత వాసన కాదు. ఎక్కడో పెద్ద నీళ్ళు మురిగినట్టు... ఉప్పగా, తియ్యగా, గొంతుకు అడ్డం పడే వాసన.

దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో, రెండో అంతస్తులో, మూడు గదుల కిరాయి ఇంట్లో — సముద్రం చచ్చిపోయింది.

సద్దుల బతుకమ్మ అయిన తెల్లారి అది.

అండాలమ్మ లేచి వచ్చేసరికి కొడుకు మధు గాజు తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ళు విరిగిన పాలలా ఉన్నాయి. నీలి చేప రాయి కింద పక్కకు ఒరిగి ఉంది. పసుపు చేపలు రెండూ పైకి తేలాయి. నడిమి రాయి మీద రోజంతా వేళ్ళు ఆడిస్తూ ఊగే కుచ్చుల పువ్వు — పువ్వు కాదట, అదీ ఒక జీవమేనట — ఉడికి చెదిరిన సగ్గుబియ్యంలా కారిపోయింది. దాని చుట్టూ పగడాలు తెల్లబడి ఉన్నాయి.

ఒక్కటే బతికింది.

నారింజ రంగు ఒళ్ళు, తెల్లటి పట్టీలు. దుకాణంవాళ్ళు దానికి ఏదో ఇంగ్లీషు పేరు చెప్పారు. అండాలమ్మకు మాత్రం అది చారల పిల్ల.

మధు దాన్ని గిన్నెతో ఎత్తి, అప్పటికప్పుడు ఉప్పునీళ్ళు కలిపిన బకెట్లోకి వదిలాడు. అది అడుగున ఒక మూలకు పోయి నిలబడింది. మొప్పలు మాత్రం టకటక ఆడుతున్నాయి.

"కరెంటే సంపింది అమ్మా," అన్నాడు మధు. "కరెంటు, ఇంకా ఆ ఎదురింటాయన."

అండాలమ్మ చూపు తొట్టి మీద లేదు. కింద ఉన్న చెక్క అలమర మీద ఉంది. అలమర తలుపు మూసే ఉంది.



*

తొట్టి కొన్నది కాదు.

ఎల్.బి.నగర్‌లో ఒక హోటలు మూతపడుతూ పగుళ్ళిచ్చిన గాజు తొట్టిని రోడ్డు పక్కన పెట్టేసింది. మధు బస్సు డిపోలో మెకానిక్కు. పాడైన వస్తువు కనపడితే ఆ చేతులు ఊరుకోవు. ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వచ్చాడు. పగులు అతికించాడు. పైన ఒక తొట్టి, కింద అలమరలో ఇంకొక చిన్న తొట్టి. పై నీళ్ళు కిందికి దిగుతాయి, కింద రాళ్ళ గుట్టలోంచి జారి, పంపు తోస్తే మళ్ళీ పైకి ఎక్కుతాయి. రాత్రీ పగలూ ఒకటే చప్పుడు. ఇల్లంతా ఒక కాలవ గట్టు మీద ఉన్నట్టుండేది.

చేపలు చైతన్యపురిలోని ఒక దుకాణం నుంచి వచ్చాయి. అక్కడి పంపులు బాగు చేసినందుకు వాళ్ళిచ్చిన బహుమానం.

డిపో వాళ్ళతో కలిసి ఒక్కసారి బాపట్ల పోయి సముద్రం చూసి వచ్చాడు మధు. అంతే. ఇక పట్టుకుంది పిచ్చి. పెళ్ళి చేసుకోరా అంటే వినడు. పంపుకు జాలీ మార్చాలె అంటాడు.

అండాలమ్మ సముద్రం చూడలేదు. నల్లగొండ దగ్గర పల్లె ఆమెది. నీళ్ళు తాగితేనే ఎముకలు వంకరపోయే నేల. అక్కడ సముద్రం ఎక్కడిది?

"ఇది నిజంగ సముద్రమేనారా?" అని అడిగింది మొదటి రోజు, తొట్టి ముందు పీట వేసుకుని.

"సముద్రమే అమ్మా. గదే ఉప్పు, గవే రాళ్ళు, గవే చేపలు."

నవ్వులాటకన్నాడు వాడు.

ఆమె నమ్మింది.

నమ్మినందుకే ఇదంతా.

*

సమ్మె మొదలైంది.

సకల జనుల సమ్మె. బడులు లేవు. బస్సులు లేవు. డిపో గేటుకు తాళం. బొగ్గు తవ్వేవాళ్ళు కూడా పని ఆపేశారు కాబట్టి కరెంటుకు వేళాపాళా లేకుండా పోయింది. మధు పొద్దున్నే తయారై ఎల్.బి.నగర్ చౌరస్తాలో టెంటు కిందకు పోయేవాడు. గొంతు బొంగురు పోయి వచ్చేవాడు. ఒకరోజు చొక్కా చేయి చిరిగి వచ్చాడు. ఒకరోజు వీపు మీద కమిలిన లాఠీ వాతతో వచ్చాడు. దానికి సున్నం, పసుపు రాస్తూ అండాలమ్మ ఏడవలేదు.

వాడు లేనప్పుడు కరెంటు పోతే తొట్టికి ప్రాణగండం. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి ఉంది. దాని మీట నొక్కాలి. తల్లిని ముట్టుకోనివ్వడు మధు. ఉప్పునీళ్ళ తడి, కరెంటు పెట్టె — వద్దంటే వద్దు. అందుకని ఎదురింటి సాంబమూర్తికి చెప్పి పోయేవాడు. బందరు వైపు మనిషి. ఓడరేవు ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. రాష్ట్రం విడిపోవడం ఆయనకు ఇష్టం లేదు. ఆ సంగతి దాచుకోడు కూడా. అయినా కరెంటు పోగానే చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మీట నొక్కి, నీళ్ళలో బుడగలు వస్తున్నాయో లేదో వంగి చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు.

ప్రతిసారీ వచ్చాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

అది చూసిన మనిషి అండాలమ్మ ఒక్కతే.

చేపలు పోయాక మధు ఆయనను పలకరించడం మానేశాడు. మెట్ల మీద ఎదురుపడితే గోడవైపు తిరిగేవాడు. "ఆయనకు మన చేపలు బతికితే ఏంది, చస్తే ఏంది?" అనేవాడు. మామూలు రోజుల్లో అనే మాట కాదది. ఆ రోజుల్లో మాత్రం అలాంటి మాట నోటి చివరే ఉండేది అందరికీ.

సాంబమూర్తి భార్య కోటేశ్వరమ్మ ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం గుమ్మంలోకి వచ్చింది.

"మా ఆయన ప్రతిసారీ వచ్చి పంపు వేశారు కదా అండాలమ్మగారూ. మీరు ఇక్కడే ఉన్నారుగా. మీ అబ్బాయికి ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్త అక్కా," అంది అండాలమ్మ.

చెప్పలేదు.

చెబితే మధు అడుగుతాడు: మరి ఎట్ల సచ్చినయమ్మా?

ఆ ప్రశ్న దగ్గరికి పోవాలంటే ఆమెకు భయం వేసింది. ఎందుకు భయమో అప్పటికి ఆమెకే సరిగా తెలియదు.

*

మధు మళ్ళీ మొదలుపెట్టాడు.

టెంటు నుంచి వచ్చి, అన్నం తిని, తొట్టి పనిలో పడేవాడు. చచ్చిన నీళ్ళు తోడి పారబోశాడు. గాజు కడిగాడు. పగడాల గుల్లలు ఏరి పారేశాడు. తెల్ల ఇసుకను పది నీళ్ళు మార్చి కడిగాడు. కొత్త నీళ్ళు పట్టి ఉప్పు కలిపి, ఒక రోజంతా తిరగనిచ్చి, చిన్న గాజు గొట్టంలోకి ఆ నీళ్ళు తీసి చుక్కలు వేసేవాడు. ఆకుపచ్చగా మారితే విషం. పసుపుగా ఉంటే మంచిది.

ఆకుపచ్చ.

ఆకుపచ్చ.

మరునాడు కొంచెం తక్కువ ఆకుపచ్చ.

వాడు గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తుంటే, అండాలమ్మ వాడి ముఖం చూసేది. అన్నం మెతుకు సహించేది కాదు.

కింది తొట్టిని మాత్రం వాడు కదిలించలేదు. ఆ రాళ్ళ గుట్టను అసలు ముట్టలేదు.

"గా రాళ్ళల్ల కంటికి కనపడని పురుగులుంటయి అమ్మా. నీళ్ళను శుభ్రం చేసేది అవే. అవి పోతే మళ్ళ రెండు నెలలు ఆగాలె. చారల పిల్ల బకెట్ల అన్ని దినాలు బతకదు."

చారల పిల్ల నిజంగానే చిక్కిపోతోంది. మూడు రోజులకోసారి నీళ్ళు మారుస్తున్నా రంగు దిగిపోయింది. మేత వేస్తే ఒక పలుకు నోట్లో పెట్టుకుని ఉమ్మేసేది.

"ఆదివారం వదులుత," అన్నాడు మధు. "ఆదివారానికి నీళ్ళు తయారైతయి."

ఆదివారం.

అండాలమ్మ అలమర తలుపు వైపు చూసింది.

*

మేడ మీద ఎండ బాగా కాస్తోంది. నాదర్‌గుల్ నుంచి లేచిన చిన్న విమానం ఒకటి, నేర్చుకునేవాళ్ళదేమో, పైన చుట్లు కొడుతోంది. కింద ఒక్క బస్సు లేదు. ఊరంతా ఆగితే దానికి మాత్రం సమ్మె లేదు.

అండాలమ్మ చింతపండుతో రాగి చెంబు తోముతోంది. కోటేశ్వరమ్మ దుప్పట్లు ఆరేయడానికి వచ్చింది. మాటలు తక్కువయ్యాయి ఇద్దరి మధ్య. అయినా ఆడవాళ్ళు మేడ మీద ఎంతసేపని మూగగా ఉంటారు?

"చిలుము పట్టిందా?" అంది కోటేశ్వరమ్మ.

"పట్టింది అక్కా. పోతలేదు."

"మా బందరులో అయితే ఇంకా పడుతుంది, ఉప్పు గాలి కదా. మా ఆయన ఓడరేవులో ఉన్నప్పుడు చూసేదాన్ని. ఓడల అడుగున రాగి కలిపిన రంగు పూస్తారండీ. గుల్లలూ నత్తలూ అంటుకోకుండా. ఉప్పునీళ్ళలో రాగి దిగిందంటే ఏ పురుగూ బతకదట. విషమట దానికి."

అండాలమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది.

"ఏ పురుగూనా?"

"ఏదీ బతకదంటారు మా ఆయన. అదేమిటి, అట్లా అయిపోయారు? కూర్చోండి... కూర్చోండి. ఎండ తగిలిందా?"

ఎండ కాదు.

విమానం ఇంకొక చుట్టు కొట్టింది. చింతపండు రసం అండాలమ్మ మణికట్టు మీదుగా కారి చీర మీద పడింది. ఆమె తుడుచుకోలేదు.

*

కింది తొట్టిలో, రాళ్ళ గుట్ట అడుగున, తొమ్మిది రాగి పైసలు ఉన్నాయి.

ఆమె వేసినవే.

ఏ నీళ్ళు దాటినా పైస వేయాలి. అది వాళ్ళమ్మ నేర్పింది. కృష్ణ దాటినా, మూసీ దాటినా, బస్సు కిటికీలోంచి చెయ్యి చాపి — తల్లీ, మావాళ్ళను సల్లగ సూడు — అని విసరాలి. అదీ రాగి పైసయితేనే చెల్లుతుందట. కొత్త బిళ్ళలు గంగమ్మ తీసుకోదట. ఎవరు అడిగి వచ్చారో తెలియదు.

అరవై తొమ్మిదిలో అండాలమ్మకు పదమూడేళ్ళు. అన్న అంతయ్య పట్నంలో చదువుకుంటున్నాడు. అప్పుడూ ఇదే గొడవ, ఇవే నినాదాలు. అన్నను చూడడానికి తల్లీకూతుళ్ళు బస్సెక్కారు. చాదర్‌ఘాట్ వంతెన వచ్చేముందు వాళ్ళమ్మ రాగి పైస వెంట లేక, ఉన్న బిళ్ళనే చేతిలో పెట్టింది. అన్న పేరు చెప్పి వెయ్యమంది.

అండాలమ్మ చెయ్యి కిటికీలోంచి చాపింది. మూసీ కనపడింది. పిడికిలి విప్పలేదు.

గౌలిగూడలో దిగి పిప్పరమెంటు బిళ్ళలు కొనుక్కుంది.

వారం తిరగలేదు. కాల్పుల్లో అన్న పోయాడు.

ఎవరికీ చెప్పలేదు ఆమె. తల్లికి చెప్పలేదు. మొగుడు బతికున్న రోజుల్లో మొగుడికి చెప్పలేదు. నలభై రెండేళ్ళు... పిప్పరమెంటు వాసన వస్తే లేచి అవతలికి పోయేది. తల్లి పోతూ పోతూ చిన్న గుడ్డ సంచీలో నిజాం నాటి రాగి పైసలు ఇచ్చింది. వాటిని ప్రాణంలా దాచుకుంది.

మధు మొదటిసారి టెంటుకు పోయిన రోజు, వాడు మెట్లు దిగగానే, అండాలమ్మ సంచీ విప్పింది. నది దాకా పోవాల్సిన పని ఏముంది? అన్ని నదులూ పోయి కలిసేది సముద్రంలోనే. సముద్రమే ఇంట్లో ఉంది. వాడే చెప్పాడు కదా.

పై తొట్టిలో వేస్తే కనపడుతుందని, కింది తొట్టిలో, రాళ్ళ అడుగుకు తోసింది.

చొక్కా చిరిగిన రోజు ఒకటి. వీపు మీద వాత పడిన రోజు ఒకటి. భయం పట్టుకున్న ప్రతి రోజూ ఒకటి. తొమ్మిది రోజులు అట్లా వచ్చాయి. సంచీ ఖాళీ అయింది.

ప్రతి సాయంత్రం మధు తిరిగి వచ్చాడు.

వచ్చాడు కాబట్టి ఆమెకు పైస మీద ఇంకా నమ్మకం కుదిరింది.

ఇప్పుడు ఈ మాట. ఏ పురుగూ బతకదట.

తీసేస్తే? వేసిన పైసను వెనక్కి తీసుకుంటే మొక్కును వెనక్కి తీసుకున్నట్టే. వాడు రోజూ లాఠీల ముందుకు పోతున్నాడు. ఒకసారి పిడికిలి విప్పనందుకు అన్న పోయాడు. ఇప్పుడు వేసిన దాన్నే మళ్ళీ పిడికిట్లోకి తీసుకుంటే?

తీయకపోతే ఆదివారం చారల పిల్ల ఆ నీళ్ళలోకి పోతుంది.

శుక్రవారం ఒకసారి అలమర తలుపు తెరిచింది. మూసింది.

శనివారం రెండుసార్లు తెరిచింది. నీళ్ళు గలగలమని దిగుతున్నాయి... రాళ్ళ సందుల్లోంచి, ఆమె పైసల మీదుగా, పైకి, కొత్త ఇసుక మీదికి. గొట్టంలో చుక్కలు వేసి మధు కేక వేశాడు.

"పసుపు! అమ్మా, పసుపొచ్చింది!"

పసిపిల్లవాడిలా గొట్టం తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టాడు. ఆమె నవ్వింది. ఆ చుక్కలకు రాగి సంగతి తెలియదని వాడికి తెలియదు. ఆమె నవ్వు నవ్వు కాదనీ తెలియదు.

"రేపు పొద్దుగాల దీన్ని వదిలి, రైల్ రోకోకు పోత," అన్నాడు.

"రైళ్ళేంది బిడ్డా?"

"మలక్‌పేట కాడ పట్టాల మీద కూసుంటం అమ్మా. అందరం."

*

ఆదివారం పొద్దున.

బకెట్టును తొట్టి పక్కన పెట్టాడు మధు. గిన్నెతో కొత్త నీళ్ళు కొంచెం కొంచెంగా బకెట్లో పోశాడు, అలవాటు పడాలని. అండాలమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. చెప్పు. ఇప్పుడు చెప్పు. గిన్నె ఒకటి... రెండు... పది.

చారల పిల్లను ఎత్తి తొట్టిలో వదిలాడు.

అది ఒక్క క్షణం అట్లాగే ఆగింది. తరవాత తోక ఒకసారి కొట్టి, గాజు పొడుగునా ఈదింది. రాళ్ళ సందులు వెతికింది. పైకి వచ్చింది. పదకొండు రోజుల తరవాత తిరగడానికి చోటు దొరికింది దానికి.

"సూడమ్మా," అన్నాడు మధు. "సూడు, ఎట్ల తిరుగుతుందో."

అప్పుడు చెప్పింది.

"మధూ. సాంబమూర్తి సారు ప్రతిసారి అచ్చిండు బిడ్డా. నేను సూసిన. ఒక్కనాడు తప్పలే."

"మరి ఎట్ల..."

"నేనే సంపిన."

వాడు నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగాడు. ఆమె వచ్చి నేల మీద కూర్చుని అలమర తలుపు తెరిచింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. పైసలు, కోటేశ్వరమ్మ చెప్పిన ఓడల రంగు, చిరిగిన చొక్కా, వాత. చివరికి మూసీ. పిడికిలి. పిప్పరమెంటు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ చెప్పని మాట కొడుక్కి చెప్పింది. తల ఎత్తకుండా, రాళ్ళ గుట్టకు చెబుతున్నట్టు చెప్పింది.

కింద సందులో టెంటువాళ్ళ జీపు హారను మోగింది. మధు కోసమే.

వాడికి కోపం వస్తుందనుకుంది. అరుస్తాడనుకుంది. పాత మొక్కులూ పాత పైసలూ ఏందమ్మా అంటాడనుకుంది. దేవుడి గూటికి దండం కూడా పెట్టని మనిషి. పరీక్ష రోజు బొట్టు పెట్టబోతే తల తిప్పుకునేవాడు చిన్నప్పుడు కూడా.

మధు చొక్కా చేయి పైకి మడిచాడు. మోకాళ్ళ మీద వంగాడు. కింది తొట్టిలోకి చెయ్యి పెట్టాడు. రాయి జరిపాడు. పైస కనపడింది. నల్లగా, అంచుల మీద ఆకుపచ్చ పొడి పట్టి ఉంది.

దాని మీదికి వేళ్ళు పోయాయి.

ఆగాయి.

హారను మళ్ళీ మోగింది. నీళ్ళు వాడి చేతి చుట్టూ తిరిగి పైకి పోతున్నాయి. పైన చారల పిల్ల రాయి వెనక నుంచి తొంగి చూస్తోంది. అండాలమ్మ వాడి మెడ వెనక చూస్తోంది. అక్కడ చెమట పట్టింది.

వాడు చెయ్యి బయటికి తీశాడు.

ఖాళీ చెయ్యి.

"అచ్చినంక తీద్దాం అమ్మా," అన్నాడు. "ఒక్క పూటకు ఏం కాదు దానికి. ఇయ్యాల... ఇయ్యాల ఉండనియ్యి."

తువ్వాలతో చెయ్యి తుడుచుకున్నాడు. తుడుచుకున్నదే మళ్ళీ తుడుచుకున్నాడు. ఆమె కళ్ళలోకి చూడలేదు.

ఇన్నాళ్ళూ అండాలమ్మ తన భయం ఒక్కటే ఇంట్లో ఉందనుకుంది. వాడు ధైర్యంగా పోతున్నాడనుకుంది. నినాదాలు ఇచ్చే గొంతు, నవ్వే ముఖం, వీపు మీద వాత చూపించి ఇదేం లెక్కమ్మా అన్న మాట.

వాడికీ భయమే.

రోజూ భయంతోనే పోయాడు.

"రైలు కూత ఇనపడిందంటే మేం పట్టాల మీదికెల్లి లేసినట్టే అమ్మా," అన్నాడు గుమ్మం దగ్గర. "బస్సులు లేవుగదా, ఇక్కడిదాంక ఇనపడ్తది. పరేషాన్ గాకు."

మెట్ల మీద అడుగులు రెండు దిగి ఆగాయి. ఎదురింటి తలుపు కొట్టిన చప్పుడు.

"సార్... తప్పు నాదే. మీది కాదు. అమ్మ చెప్పింది."



"వెళ్ళిరా బాబూ," అన్న సాంబమూర్తి గొంతు వినపడింది. "జాగ్రత్త. ముందు వరసలో కూర్చోకు."

*

పదింటికి కరెంటు పోయింది.

పంపు ఆగింది. ఇల్లు చెవుడు వచ్చినట్టు అయిపోయింది.

సాంబమూర్తి చెప్పులు విడిచి వచ్చాడు. మీట నొక్కాడు. వంగి బుడగలు చూశాడు. చారల పిల్లను చూశాడు.

"తిరుగుతోందే."

"తిరుగుతుంది సారు."

గుమ్మం దాటుతూ, "వస్తాడులెండి," అన్నాడు.

పదకొండు. చారల పిల్ల ముందు గాజు దగ్గరికి వచ్చి ఆగింది. మొప్పలు ఆడుతున్నాయి. ఎక్కువగా ఆడుతున్నాయా? మామూలుగానే ఆడుతున్నాయా? అండాలమ్మ తన ఊపిరి పట్టి దాని ఊపిరి చూసింది. తేడా తెలియలేదు.

రైలు కూత లేదు.

పన్నెండు. అది రాయి పక్కకు పోయి ఒరిగినట్టు నిలబడింది. గాజు మీద వేలుతో కొట్టింది ఆమె. కదిలింది. కొంచెం.

రైలు కూత లేదు. సందులో కుక్క కూడా మొరగడం లేదు.

ఆమె నేల మీద కూర్చుంది. అలమర తలుపు తెరిచింది. గాజులు పైకి తోసుకుని చెయ్యి నీళ్ళలోకి పెట్టింది, మోచేతి దాకా. రాయి జరిపింది. మొదటి పైస వేళ్ళకు తగిలింది. జిడ్డుగా ఉంది.

పైసకు ఏ మహిమా లేదనుకుంటే... అన్న చావులో తన తప్పు లేదు. పదమూడేళ్ళ పిల్ల పిప్పరమెంటు తింది, అంతే. ఎవరో తుపాకీ పేల్చారు, అంతే. నలభై రెండేళ్ళ బరువు ఇక్కడే దించుకోవచ్చు.

కానీ పైసకు ఏ మహిమా లేదనుకుంటే, ఇప్పుడు మధును కాస్తున్నది ఏదీ లేదు. పట్టాలు, లాఠీలు, వాడు. అంతే.

రెండూ ఒకటే మాట. ఒకటి తీసుకుని ఇంకొకటి వదలడానికి లేదు.

ఏడుపు వచ్చింది ఆమెకు. అన్న పోయినప్పుడు కూడా రాని ఏడుపు. ఆ రోజు పది మందిలో ఏడవడానికి సిగ్గేసింది, నోట్లో ఇంకా తీపి ఉన్నట్టు అనిపించి.

మొదటి పైస బయటికి తీసింది. కొంగు మీద పెట్టింది.

చెవులు సందు వైపు పెట్టి వింది. ఏమీ లేదు.

రెండోది.

మూడోది తీస్తుంటే జారిపోయింది. మళ్ళీ వెతికి తీసింది. నాలుగు. అయిదు. ఒక్కొక్కటి తీసి, ఆగి, వినేది. తీసినదానికి శిక్ష వెంటనే పడుతుందేమోనని చూసేది. ఆరు. ఏడు. చీర తడిసి ఒంటికి అంటుకుంది. పైన చారల పిల్ల రాయిని వదిలి గాజు దగ్గరికి వచ్చింది. ఎందుకు వచ్చిందో దానికే తెలియాలి.

ఎనిమిది.

తొమ్మిదోది దొరకలేదు. రాళ్ళన్నీ తడిమింది. మూల మూలా తడిమింది. చివరికి అడుగున, గాజుకు అతుక్కుని, వేలి కొసకు తగిలింది. మొదటి రోజు వేసింది. వాడు మొదటిసారి మెట్లు దిగినప్పటిది.

గోరుతో లేపింది. అంచు ఒకటి లేచింది.

అప్పుడు దూరంగా, మలక్‌పేట వైపు నుంచి, రైలు కూసింది.

ఒకటే కూత. పొడుగ్గా.

వాళ్ళంతట వాళ్ళు లేచారో... ఎవరైనా లేపారో.

ఎదురింటి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. కోటేశ్వరమ్మ కూడా విన్నట్టుంది. అండాలమ్మ లేవలేదు. పైస అంచు గోటి కింద ఉంది, నీళ్ళు మోచేతి దాకా ఉన్నాయి, ఆమె మెట్ల మీద అడుగుల కోసం వింటోంది.